పక్క సీటు బరువు

ఆ బండికి వంక పెట్టాలంటే ఎవరికీ మనసొప్పేది కాదు. పొడుగాటి బానెట్, దాని వెనక ఇద్దరికి మాత్రమే చోటున్న క్యాబిన్, దాదాపు రోడ్డు మీదే కూర్చున్నామా అనిపించేంత కిందకి సీట్లు. మీట నొక్కితే తలమీది గుడ్డ టాప్ తనంతట తానే మడతలు పడి వెనక అరలోకి దూరిపోయేది, అదీ బండి నడుస్తుండగానే. టాప్ తీసేసి చలిలో తిరగాలన్న విడ్డూరపు సరదా ఉన్న మారాజుల కోసం సీటు వెనక నుంచి మెడకు వెచ్చటి గాలి ఊదే ఏర్పాటు కూడా పెట్టారు. యాక్సిలరేటర్ మీద కాలు వేస్తే వీపు సీటుకు అతుక్కుపోయేది, బ్రేకు మీద వేస్తే అంత ఉరుకులోనూ బుద్ధిగా ఆగేది. గేరు తగ్గించినప్పుడల్లా ఇంజిన్ మాట్లాడబోయే పెద్దమనిషిలా ఒకసారి గొంతు సవరించుకునేది. రోడ్‌స్టర్ అంటే ఇలా ఉండాలి అని పోటీ కంపెనీవాళ్ళు కూడా కడుపుమంటతో ఒప్పుకోవలసిన బండి అది.

ఇంకా అమ్మకానికి రాని అలాంటి బండిని ఫ్యాక్టరీ ట్రాక్ మీద ఒంటరిగా నడిపి వచ్చినవాళ్ళు మాత్రం మొహం అదోలా పెట్టుకుని దిగేవారు. మొదట నోరు విప్పినవాడు కంగారు. అది ఫ్యాక్టరీవాళ్ళు పెట్టిన పేరు. కుదురుగా నిలబడి టీ తాగడం కూడా చేతకాని మనిషి, స్టీరింగు పట్టుకుంటే మాత్రం రాయిలా కూర్చుంటాడు. అలాంటివాడు ట్రాక్ మీంచి వచ్చి, హెల్మెట్ అయినా తీయకుండా తిన్నగా బండి తయారీ మొత్తం చూసే చీఫ్ దగ్గరికి వెళ్ళాడు.

"బండి బాగానే ఉంది సార్. కానీ పక్కన ఎవరో కూర్చుని, ఇప్పుడే దిగిపోయినట్టుంది."

చీఫ్ నవ్వేసి, నిద్ర చాలలేదేమో, పోయి మొహం కడుక్కోమన్నాడు. మర్నాడు ఇంకో డ్రైవరు నడిపాడు. అతను ఏమీ చెప్పలేదు గానీ, రెండో చుట్టుకు బయల్దేరే ముందు తన భోజనం సంచీ తెచ్చి పక్క సీట్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత నడిపినవాడు ఖాళీ సీటుకు బెల్టు పెట్టి తిరిగాడట. పొగమంచు పట్టిన ఒక ఉదయం గేటు దగ్గరి కాపలావాడు ఆ బండిలో రెండు తలలు చూశానని క్యాంటీన్‌లో ఒట్టేసి చెప్పాడు. అప్పుడు బండి నడిపింది ఒక్కరే. ఇక చెప్పేదేముంది, అప్పటిదాకా గొంతులోనే ఆగిన దయ్యం అనే మాట పట్టపగలే బయటికి వచ్చి బల్లల మధ్య తిరగడం మొదలుపెట్టింది.

అది దయ్యం కాదని తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. అది ఎవరో కూడా ఆమెకు తెలుసు. ఆమెను అందరూ కోడలు అంటారు.

కోడలు అంటే అక్కడ పెద్ద టెస్టు డ్రైవరు. బండికి తుదిమెరుగు దిద్దే పని ఆమెది. ట్రాక్ మీద తిప్పి, ఎక్కడ ఎగురుతోందో ఎక్కడ ఒరుగుతోందో ఒంటితో పట్టుకుని, లిఫ్టు మీదికి ఎక్కించి, స్ప్రింగులు బిగించడమో వదులు చేయడమో చేసి మళ్ళీ తిప్పడం. ఆమెకు సొంత పేరు లేదా అంటే ఉంది, జీతాలవాళ్ళు వాడుకుంటారు. ఆమె ఉద్యోగంలో చేరేనాటికే వాళ్ళ మావయ్య, అంటే భర్త తండ్రి, అదే ఫ్యాక్టరీలో సీట్లకు తోలు కుట్టేవాడు. ఆయన కోడలుగా అడుగుపెట్టింది కాబట్టి చీఫ్ నుంచి కాపలావాడి దాకా అందరికీ కోడలే అయి కూర్చుంది. మొదట్లో చిరాకు పడింది, తర్వాత అలవాటు పడింది, ఆ తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరగడమే మానేసింది.

మావయ్యకు ఫ్యాక్టరీ పెట్టిన పేరు బస్తా. ఇద్దరు కూర్చునే బండిని ఇద్దరి బరువుతోనూ పరీక్షించాలి కదా. అందుకని వెనకటి రోజుల్లో పక్క సీట్లో ఇసుక బస్తాను బెల్టుతో కట్టి తిప్పేవారు. ఒకసారి ఆ బస్తా కాస్తా చిరిగింది. కుట్లు చూసుకోవడానికి వచ్చిన మావయ్య ఎదురుగా కనిపించాడు. నిండైన మనిషి, బస్తాకు ఏమాత్రం తీసిపోడు. ఆయన్నే కూర్చోబెట్టి తిప్పారు. దిగి, టాప్ మడత పడేటప్పుడు కుడిభుజం వెనక ఏదో గోరుతో గీకినట్టు చప్పుడవుతోందని చెప్పాడు. విప్పి చూస్తే ఒక క్లిప్పు వదులుగా ఉంది. ఆ రోజు నుంచి ఇసుక బస్తా స్టోర్ రూముకు పోయింది, ఆయన పేరు బస్తా అయింది. ఆయనకు కోపం రాలేదు. ఇసుకకు జీతం ఇవ్వరు, నాకిస్తారు అనేవాడు.

తమాషా ఏమిటంటే, ఆ ఇంటిల్లిపాదీ చక్రాల మీద బతికినవాళ్ళే. అత్తయ్య స్కూలు బస్సు నడిపి రిటైరయింది. కొడుకు సరుకుల రైలు నడుపుతాడు, ఇంట్లో ఉండే రోజులకంటే పట్టాల మీద ఉండే రోజులే ఎక్కువ. కోడలి సంగతి సరేసరి. ఆ ఇంట్లో డ్రైవింగు రానివాడు మావయ్య ఒక్కడే. బతుకంతా పక్క సీట్లో కూర్చున్నాడు, కూర్చోవడంలో మాత్రం ఆయనకు సాటి లేరు. బెల్టు పెట్టుకుని, రెండు చేతులూ తొడల మీద ఉంచుకుని, కళ్ళు మూసుకునేవాడు. నోరు విప్పేవాడు కాదు. బండిలో ఏదైనా తేడా ఉంటే కుడిచేతి చూపుడువేలు కొద్దిగా పైకి లేచేది, అంతే.

కోడలికి డ్రైవింగు నేర్పింది ఆమె కన్నతండ్రి. ఆయన పక్కన కూర్చుంటే డోరు పట్టుకుని కేకలు పెడుతూ, లేని బ్రేకును కాలితో తొక్కుతూ ఉండేవాడు. తర్వాత భర్త. అతను రైలు నడిపే మనిషి కావడంతో మలుపు అంటేనే గాభరా. ఆమె స్టీరింగు పట్టుకుని ఉండగా నిశ్చింతగా కళ్ళు మూసుకున్న మొదటి మనిషి మావయ్యే. ట్రాక్ మీద పెద్ద మలుపు వచ్చినప్పుడు ఆయన భారీ భుజం ఆమె వైపు ఒరిగేది, ఆమె మోచేయి దగ్గరికి లాక్కుని చోటిచ్చేది. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ ఒక్క మాట అనుకోలేదు. అలా ఎన్నో బండ్లు చేశారు.

ఈ రోడ్‌స్టర్ మొదలయ్యేనాటికి మావయ్యకు ఉద్యోగం లేదు. గుండె నీరసించిందని డాక్టరు ఇంట్లో కూర్చోమన్నాడు, సీట్ల విభాగంవాళ్ళు శాలువా కప్పి పంపేశారు. ఇంట్లో ఆయన కిటికీ దగ్గర కూర్చుని కింద వెళ్ళే బండ్ల చప్పుడు వింటూ, ఏ బండికి ఏం రోగమో అత్తయ్యకు చెప్పి ఆమె ప్రాణం తీసేవాడు. కోడలు చూడలేక చీఫ్ చెవిన వేసింది. ఇద్దరి బరువుతో చేసే పరుగుల వరకు రమ్మను, గాలి మారినట్టుంటుంది అన్నాడు చీఫ్. మావయ్య మర్నాడే ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాడు.

అసలు పద్ధతి ఏమిటంటే, స్ప్రింగులు సర్దేటప్పుడు సగం పరుగులు పక్క సీటు ఖాళీగా పెట్టి చేయాలి, సగం మనిషితో చేయాలి. రెండింటికీ మధ్యలో ఎక్కడో సరిపెట్టాలి. ఖాళీ సీటు పరుగులప్పుడు మావయ్య ట్రాక్ పక్కన బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చేది. ఒకసారి అలా కూర్చున్నాడు. ఆ చలిగాలిలో, మిగతా పిల్లలందరూ ఆటకు వెళ్ళిపోతే బడి దగ్గర మిగిలిపోయిన పిల్లాడిలా ఉన్నాడు. రెండోసారి దిగమంటే, వర్షం వచ్చేలా ఉంది, దిగనులే అమ్మాయ్ అన్నాడు. ఆకాశంలో మబ్బు లేదు. ఆమె మళ్ళీ దిగమని అడగలేదు. చీఫ్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఒంటరి పరుగులు కూడా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునే చేసింది. బండి అద్భుతంగా కుదిరింది. ఆఖరి రోజు ఎంత వేగం పోయినా ఆ వేలు తొడ మీంచి లేవలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, ఒక సెలవు మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో కునుకు తీసిన మావయ్య ఇక లేవలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేస్తూ, మంచినీళ్ళు అందిస్తూ కోడలు ఇల్లంతా బొంగరంలా తిరిగింది. ఏడవడానికి తీరిక దొరకలేదు. తీరిక దొరికాక ఏడుపు రాలేదు. అత్తయ్య కూడా ఏడవలేదు. వాళ్ళింట్లో ఒక పాత కారు ఉండేది, మావయ్యను ఎక్కడికి తీసుకెళ్ళాలన్నా అత్తయ్యే దాన్ని నడిపేది. ఆ కారుకు ముసుగు వేసేసి, కూరలకు కూడా బస్సులో వెళ్ళడం మొదలుపెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు తెలిసింది కదా ఆ బండి సంగతి. పక్క సీటు వైపు స్ప్రింగులు అంత బరువును మోయడానికి సిద్ధంగా బిగిసి ఉన్నాయి. మోయడానికి మనిషి లేడు. కొలతలు పెట్టి చూస్తే ఆ వైపు వెంట్రుకవాసి ఎత్తు, అంతే. ఉండొచ్చు అని కంపెనీ రాసుకున్న హద్దుల్లోనే ఉంది. కానీ కూర్చున్నవాడి నడుముకు హద్దులతో పని లేదు. ప్రతి మలుపులోనూ బండి పక్కనున్న మనిషి కోసం ఒకసారి తడుముకునేది. దొరక్క, చేయి వెనక్కి తీసుకున్నట్టు సర్దుకునేది.

కంగారుకు ఒళ్ళు జలదరించిన చోటే కోడలికి ప్రాణం లేచొచ్చేది. అందరూ తప్పించుకుంటున్న ఒంటరి పరుగుల్ని ఆమె తనంతట తాను అడిగి తీసుకుంది. తెల్లవారుతూనే మంచులో టాప్ తీసి బయల్దేరేది. మెడకు వెచ్చటి గాలి తగిలేది, మొహానికి చల్లటి గాలి కొట్టేది. పెద్ద మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె మోచేయి దానంతట అదే దగ్గరికి వచ్చేది. తల తిప్పి చూడకూడదని మొదటి రోజే నియమం పెట్టుకుంది. చూడనంతసేపు ఆయన ఇప్పుడే దిగాడు, ఇంకా తలుపు వేసిన చప్పుడు కూడా చల్లారలేదు. చూస్తే అక్కడ తోలు సీటు, దాని మీద మంచు తడి ఉంటాయి, అంతే. ఒకరోజు పొరపాటున చూసింది. ఆ పూట మిగతా చుట్లు నడపలేక బండి ఆపేసింది.

ఇదిలా సాగుతుండగా చీఫ్ ఒక సాయంత్రం ఆమెను పిలిచాడు. బండి ఖరారు చేసే రోజు దగ్గరికి వచ్చేసింది. ఒకసారి ఆయన సంతకం పడిందంటే ఇక పుట్టే ప్రతి రోడ్‌స్టరూ దీనికి కవలే, ఒక్క స్ప్రింగు మార్చాలన్నా దేవుడు దిగిరావాలి. ఒంటరి పరుగుల్లో ఆ తేడా ఎందుకని అడిగినప్పుడల్లా కోడలు అప్పటిదాకా టైర్లను ఆడిపోసుకుంది, గాలిని ఆడిపోసుకుంది, టాప్ గుడ్డ తడిసి బరువెక్కిందని కూడా అంది. చీఫ్ అన్నీ విన్నాడు. ఆయన తెలివితక్కువవాడేం కాదు, పైగా మావయ్యతో కలిసి పనిచేసినవాడు. కుర్చీలో వెనక్కి వాలి, చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"కొలతలన్నీ హద్దుల్లోనే ఉన్నాయి కోడలా. ఇలాగే సంతకం పెట్టమంటే పెట్టేస్తా, నన్నెవరూ అడగరు. నువ్వు బాగుందంటే బాగున్నట్టే. నువ్వే చెప్పు."

ఆమె లేచి బయటికి వచ్చింది. దారి పొడుగునా అదే ఆలోచన. సరే అంటే మావయ్య పోడు. ఎక్కడెక్కడి రోడ్ల మీదో, ఎవరెవరి పక్కనో, వేల బండ్లలో అలా కూర్చుని లేచి వెళ్తూనే ఉంటాడు. కాదంటే ఆయన్ని తన చేత్తో, స్పానర్ పెట్టి విప్పెయ్యాలి. ఏ మనిషికైనా రాకూడని పని. మరి ఎవరి బండి వాళ్ళకు సరిగ్గా ఉండేలా చేయడమే తన ఉద్యోగం కదా అని ఒకవైపు మనసు పీకుతూనే ఉంది. మింగలేక కక్కలేక ఇల్లు చేరింది.

ఇంట్లో అత్తయ్య బట్టలు మడత పెడుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"మీ బండిలో మీ మావయ్య తిరుగుతున్నాడటగా."

క్యాంటీన్‌లో వండే ఆవిడా అత్తయ్యా ఒకే బస్సులో కూరలకు వెళ్తారు, వార్త రాకుండా ఎలా ఉంటుంది. ఏవో పిచ్చి మాటలు, పట్టించుకోకండి అనబోయింది కోడలు. కానీ అత్తయ్య మడత పెడుతున్నది మావయ్య చొక్కా. ఉతికిన చొక్కానే మళ్ళీ ఉతికి, మళ్ళీ మడత పెడుతోందని అప్పుడు గమనించింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. పక్కన కూర్చుని మొత్తం చెప్పింది: బెంచీ, రాని వర్షం, స్ప్రింగులు, చీఫ్ మాట, అన్నీ. అంతా విని అత్తయ్య, ఇంటివాళ్ళ పూట ఎప్పుడు అని అడిగింది.

ఆ ఫ్యాక్టరీలో ఒక ఆనవాయితీ ఉంది. బండి ఖరారు చేసే ముందు ఒక పూట, దాన్ని తయారుచేసినవాళ్ళ ఇంటివాళ్ళను పిలిచి ట్రాక్ మీద తిప్పుతారు. ఇన్ని నెలలు మీ మనిషి ఇంటికి ఆలస్యంగా వచ్చింది ఇదుగో దీనికోసం అని చూపించడం అన్నమాట. లైసెన్సు ఉన్నవాళ్ళు తామే నడపొచ్చు. అత్తయ్య ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు. మీ ఆటబొమ్మలు నాకెందుకు అనేది. ఇప్పుడు వస్తానంటే కోడలికి సంతోషం కలగలేదు, భయం వేసింది. అత్తయ్యకు ఆయన అక్కడ తగిలితే ఇక ఆ స్ప్రింగుల జోలికి వెళ్ళే ధైర్యం తనకు ఉండదు. తగలకపోతే, ఇన్నాళ్ళూ తను గాలితో కాపురం చేసినట్టు తేలిపోతుంది.

ఆ పూట వచ్చింది. మబ్బు పట్టి ఉంది గానీ వాన లేదు. కంగారు భార్య జుట్టు ఎగిరిపోతోందని నవ్వుతూ ఒక చుట్టు తిరిగి వచ్చింది, ఆమె పక్క సీట్లో ఉంది కాబట్టి కంగారుకు కూడా ఏమీ అనిపించలేదు. చీఫ్ గారి తమ్ముడు టాప్ మీట నొక్కి తీసి, వేసి, మళ్ళీ తీసి పసివాడిలా మురిసిపోయాడు. అందరూ అయ్యాక అత్తయ్య లేచింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, సీటు ముందుకు జరుపుకుని, అద్దాలు సర్దుకుంది. బస్సు నడిపిన చేతులు, ఆ చిన్న స్టీరింగును పళ్ళెం పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. కోడలు అలవాటు కొద్దీ పక్క సీటు వైపు తలుపు తీయబోయింది. అత్తయ్య వద్దని తల ఊపింది.

మొదటి చుట్టు స్కూలు బస్సు నడిపినట్టే నడిపింది. చూస్తున్నవాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. రెండో చుట్టులో ఇంజిన్ గొంతు మారింది. మూడోదానికి వచ్చేసరికి ఎవరూ నవ్వడం లేదు. పెద్ద మలుపు చివర బ్రేకు దీపాలు వెలిగి, బండి ఊరికే, రోడ్డు మధ్యలో ఆగిపోయింది. అంత దూరం నుంచి ఆవిడ తల, భుజాలు మాత్రమే వెనక నుంచి కనిపిస్తున్నాయి. తల పక్కకు తిప్పి ఉంది. కోడలు పరుగెత్తబోతే చీఫ్ చేయి అడ్డం పెట్టాడు. కాసేపటికి బండి కదిలి, ఆ చుట్టు పూర్తి చేసుకుని, మెల్లగా వచ్చి ఆమె ముందు నిలిచింది.

అత్తయ్య దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. కోడలు తలుపు పక్కన వంగింది.

"ఈయనే," అంది అత్తయ్య. "ఇన్నేళ్ళు నా పక్కన వేసుకు తిప్పాను, నాకు తెలీదా. మలుపులో నా చెయ్యి దానంతటదే జరిగింది, చోటివ్వడానికి."

తన మోచేయి సంగతి కోడలు ఎవరికీ చెప్పలేదు, అత్తయ్యకు కూడా. ఇన్నాళ్ళూ ఆ భుజం తన ఒక్కదాని వైపే ఒరిగిందనుకుంది. ఎంత మూర్ఖత్వం. తను పుట్టకముందు నుంచే ఆ భుజానికి చోటిస్తూ వచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. కాస్త సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ ధైర్యం వచ్చింది.

"అలాగే ఉంచేద్దామా అత్తయ్యా?"

ఉంచితే ఏమవుతుందని అత్తయ్య అడిగింది. కొన్న ప్రతివాళ్ళకూ బండి ఇలాగే ఉంటుందని కోడలు చెప్పింది. వాళ్ళు ఆయన్ని ఎరగరుగా అంది అత్తయ్య. ఎరగరని ఒప్పుకుంది కోడలు.

"మరి వాళ్ళకి ఎవరు దిగిపోయినట్టుంటుంది?"

ఆ ప్రశ్న కోడలు ఒక్కసారీ వేసుకోలేదు. ఆమె ఆలోచనల్లో ఆ బండ్లన్నింటిలోనూ ఉన్నది మావయ్యే. నడిపేవాళ్ళకు మొహాలే లేవు.

"ఎవరి మనిషి వాళ్ళకి గుర్తొస్తారు," అంది అత్తయ్య, తనకు తానే చెప్పుకున్నట్టు. "ఎవరూ పోనివాళ్ళకి, పోతే ఎలా ఉంటుందో ముందే తెలిసిపోతుంది. పాపం, వాళ్ళేం చేశారమ్మా. ముచ్చటపడి కొనుక్కుంటారు. మనింటి లోటు ఊరందరికీ అంటగట్టకు. తీసెయ్."

"తీస్తే ఇంకెక్కడా ఉండరు అత్తయ్యా."

"పోవడమంటే అదేగా."

ఆ మాట అని అత్తయ్య బెల్టు విప్పుకుని దిగింది. దిగేటప్పుడు ఆసరాకి పక్క సీటు మీద చేయి వేసింది, వేసిన చేయి తీయడానికి కాస్త ఆలస్యమైంది. చీఫ్ దగ్గరికి వెళ్ళి, బండి చాలా బాగుందని, మెడకు వెచ్చగా ఉండటం మరీ బాగుందని మర్యాదగా చెప్పింది.

మర్నాడు కోడలు బండిని లిఫ్టు మీదికి ఎక్కించింది. స్ప్రింగు పళ్ళెం కింద బిగింపు రింగు ఉంటుంది, దాన్ని తిప్పితే ఆ మూల దిగుతుంది. సహాయానికి ఎవరైనా రావాలా అని అడిగారు. వద్దంది. రింగు మొదట మొండికేసింది. అంతకుముందు అది బిగించింది తనే, తన బిగింపు తనకే లొంగలేదు. రెండు చేతులతో ఒళ్ళంతా బరువు వేస్తే కిర్రుమని కదిలింది. ఆ చప్పుడు ఎముక విరిగినట్టు వినపడి స్పానర్ కింద పడేసింది. మళ్ళీ తీసుకుంది. ఇక ఆగలేదు.

స్టోర్ రూములోంచి ఇసుక బస్తా తెప్పించింది. దుమ్ము దులిపి, కొత్త గుడ్డ తొడిగి ఇచ్చారు. పద్ధతి ప్రకారం సగం పరుగులు బస్తాతో, సగం ఖాళీ సీటుతో చేసింది. ఖాళీ సీటు పరుగుల్లో తల తిప్పకూడదన్న నియమం ఎత్తేసి, కావాలనే మలుపు మలుపుకూ అటు చూసింది. తిప్పిన కొద్దీ బండి కుదురుకుంది. మలుపుల్లో తడుముకోవడం తగ్గింది. ఇంకో రెండు పూటలకు పూర్తిగా పోయింది. పెద్ద మలుపులో ఎంత వేగంతో వెళ్ళినా బండి రోడ్డును అంటిపెట్టుకుని, ఎవరి కోసమూ చూడకుండా తన దారిన తాను పోయింది. ఆమె చేసిన బండ్లన్నింటిలో ఇదే మేలైనది, ఆ సంగతి ఆమెకు స్టీరింగులో తెలుస్తూనే ఉంది. మోచేయి మాత్రం ఇంకా దగ్గరికి వస్తూనే ఉంది. దానికి రింగు లేదు, విప్పడానికి.

ఆఖరి ఒంటరి పరుగు వేరేవాళ్ళు చేయాలి, అదీ పద్ధతే. చీఫ్ కంగారును పిలిచాడు. కంగారు బండి చుట్టూ ఒకసారి తిరిగి ఎక్కాడు. సంచీ పెట్టుకోలేదు, పరువు సమస్య. అందరూ ట్రాక్ అంచున నిలబడ్డారు. కోడలు అందరికంటే వెనకగా నిలబడింది. బండి అవతలి వంపులో ఇంజిన్ చప్పుడు సన్నబడి, మళ్ళీ పెరిగి, గేరు గేరుకూ గొంతు సవరించుకుంటూ దగ్గరికి వస్తుంటే ఆమెకు ఒక పాడు కోరిక కలిగింది. తన లెక్క ఎక్కడో తప్పి ఉండాలని, కంగారు తెల్లబోయిన మొహంతో దిగాలని కోరుకుంది. అలా కోరుకున్నందుకు తనను తానే తిట్టుకుంది, తిట్టుకుంటూ కూడా కోరుకుంది.

కంగారు బండి ఆపి, టాప్ వేసి, తాపీగా దిగాడు. హెల్మెట్ తీసి చంకన పెట్టుకున్నాడు. ఎవరో టీ అందిస్తే, చూసినవాళ్ళకు నమ్మబుద్ధి కాలేదు గానీ, కదలకుండా నిలబడి తాగాడు. అద్భుతంగా ఉందని, వెన్నలా పోతోందని చీఫ్‌కు చెప్పాడు. చీఫ్ కోడలి వైపు చూశాడు. ఆమె ముందుకు వచ్చింది.

"పక్కన?" అని అడిగింది.

కంగారు మొహం విప్పారింది. ఆమెను సంతోషపెట్టే మాట తన దగ్గర ఉన్నందుకు అతనికి ఎంత ఆనందంగా ఉందో ఆ మొహంలోనే తెలిసింది.

"ఎవరూ లేరు కోడలు గారూ," అన్నాడు. "అస్సలు ఎవరూ లేరు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో ఆమె భుజం తట్టారు. చీఫ్ జేబులోంచి పెన్ను తీశాడు. కోడలు అందరికీ నవ్వుతూ తల ఊపి, ఇప్పుడే వస్తానని చెప్పి, గ్యారేజీ వెనక టైర్లు పేర్చిన గదిలోకి వెళ్ళింది. అక్కడ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. మావయ్య పోయిన మధ్యాహ్నం రాని ఏడుపు అప్పుడొచ్చింది. నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, ఇంట్లో మనిషి అప్పుడే పోయినట్టు, ఆ కబురు తనకు ఇప్పుడే ఎవరో చెప్పినట్టు ఏడ్చింది.